అక్కకి ఫోనొచ్చింది

ఆ ఇంటి ముందుగదిలో ఫోను పెట్టించి చాలా ఏళ్ళయింది గాని, పెద్దమ్మాయి దాని మీద దుమ్ము తుడవడమే తప్ప ఏనాడూ రిసీవరు ఎత్తి ఎరగదు. ఎత్తి ఏం చేస్తుంది? ఐదో ఏట వచ్చిన జ్వరం, తగ్గుతూ తగ్గుతూ ఆమె రెండు చెవుల్నీ తనతో పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. కాస్త ముక్కుతో, కాస్త గట్టిగా, అక్కడక్కడా ఒత్తులు జారవిడుస్తూ మాట్లాడేది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి వాళ్ళేమంటున్నారో ఇట్టే పట్టేసేది. కాని ఎదుట మనిషంటూ ఉంటేనే గదా ఆ విద్య. ఫోనుకి పెదవులెక్కడివి?

అందుకని ఆమెకు రావలసిన కబుర్లన్నీ తల్లి నోటి మీదుగానే వచ్చేవి. వాటిలో ఆమె ప్రాణం పెట్టుకుని ఎదురుచూసేవి పిచ్చుక కబుర్లు. పిచ్చుక అంటే బధిరుల బడి హాస్టల్లో పెద్దమ్మాయి పక్క మంచం పిల్ల. ఒక్క చోట కుదురుగా కూర్చోదని అక్కడి ఆయా పెట్టిన పేరది. పుట్టుకతోనే వినపడదు. పెళ్ళయి దూరపు ఊరికి వెళ్ళిపోయింది. ఆమె భర్తకు మాత్రం చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. అప్పుడప్పుడూ అతను ఫోను చేసేవాడు. పిచ్చుక సైగలతో భర్తకి చెప్పేది, భర్త ఫోనులో తల్లికి చెప్పేవాడు, తల్లి రిసీవరు కొంగుతో మూసి పెద్దమ్మాయి వైపు తిరిగేది.

“బాగున్నారట” అనేది.

“ఇంకా?”

“నిన్నడిగిందట.”

పిచ్చుక అక్కడ చేతులు పీకేలా ఎన్నెన్ని చెప్పిందో ఏమో, ఇద్దరు మనుషుల్ని దాటి వచ్చేసరికి ఆ రెండు ముక్కలే మిగిలేవి. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు, నిజమే. కాని ఉత్తరంలో వేసిన జోకుకి అవతలి మనిషి నవ్వేది ఏ వారానికో. ఆ నవ్వు జవాబులో వచ్చేసరికి ఏ జోకో గుర్తుండేది కాదు.

పెద్దమ్మాయి ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మిషన్లు ఆడుతుంటే మిగతావాళ్ళు అరిచి అరిచి మాట్లాడుకోవాలి. ఆమెకు ఆ బాధ లేదు. మిషను తిరుగుతోందో ఆగిందో నేలను బట్టి కాళ్ళతోనే తెలిసిపోయేది. తప్పు అక్షరం ఆమె కళ్ళ నుంచి తప్పించుకుపోవడం ఆ ప్రెస్సులో ఎవరూ చూడలేదు.

తమ్ముడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆస్పత్రి వాళ్ళు కొత్త కంప్యూటర్లు తెప్పించుకుని పాతవి వదిలించుకుంటుంటే ఒకటి మోసుకొచ్చి ముందుగదిలో పెట్టాడు. అది ముసలిదై, ఒళ్ళంతా పచ్చబడి, స్విచ్చి వేశాక కాసేపు ఆలోచించుకుని గాని లేచేది కాదు. దానికి తోడు ఒకరోజు పార్శిల్లో పిచ్చుక మొగుడు పంపిన మోడెమ్ వచ్చింది, రెండు కంప్యూటర్లు ఫోను తీగ మీద ఒకదానికొకటి కబుర్లు పంపుకునేందుకు. అరచేతి కన్నా కొంచెం పెద్ద నల్లటి పెట్టె. ముందు వైపు వరసగా గురివింద గింజలంత ఎర్ర దీపాలు. “మా దగ్గర రెండున్నాయి. ఒకటి మీ దగ్గరుంటే ఈవిడ నా ప్రాణం తీయడం మానేస్తుంది” అని చీటీ పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక తమ్ముడు తీగలు పట్టుకుని బల్ల కింద దూరాడు.

కాసేపటికి పెద్దమ్మాయి కాలితో అతని నడుం మీద ఒకటి తగిలించింది. “మొహం చూపించి మాట్లాడరా. నీ వీపు ఏమంటోందో నాకు తెలీదు.”

అతను బల్ల కింద నుంచి తల బయటపెట్టాడు, జుట్టు నిండా బూజుతో. “నేనేం నీతో మాట్లాడలేదు. ఈ తీగని తిడుతున్నా.”

“తిట్టేదేదో ఇటు తిరిగి తిట్టు. నేనూ నేర్చుకుంటా.”

తీగలన్నీ తగిలించాక అతను కుర్చీ ఆమెకిచ్చి పక్కన ముక్కాలిపీట వేసుకున్నాడు. తెర మీద ఖాళీ కిటికీ లాంటిదొకటి తెరిచాడు. “ఏ, టీ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కు. పెట్టెని పిలవడమన్నమాట.”

ఆమె కొట్టింది. ఏమీ జరగలేదు. మళ్ళీ కొట్టింది. కొట్టిన అక్షరాలు కూడా తెర మీద పడలేదు. నూతిలో రాయేస్తే చప్పుడు రానట్టు అయిపోయింది తమ్ముడి మొహం.

అతను తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. పెట్టెని ఆర్పి వెలిగించాడు. ఆస్పత్రి కంప్యూటరు కుర్రాడు రాసిచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పాడు. ఆఖరికి నుదురు కొట్టుకుని ఆమె వైపు తిరిగాడు. “కంప్యూటరుకి వెనక రెండు గుమ్మాలున్నాయక్కా. ఒక గుమ్మంలో మౌసు కూర్చుంది, రెండోదాంట్లో మోడెమ్. మనం ఇందాకట్నుంచి మౌసు గుమ్మంలో నిలబడి మోడెమ్‌ని పిలుస్తున్నాం. అది మాత్రం ఎలా పలుకుతుంది?”

ఎక్కడో లోపలికి వెళ్ళి గుమ్మం మార్చాడు. “ఇప్పుడు పిలువు.”

ఆమె ఆ రెండక్షరాలే కొట్టింది. ఈసారి అవి తెర మీద పడ్డాయి. వాటి కింద, ఆమె వేలు పెట్టకుండానే, ఇంకో రెండు అక్షరాలు పడ్డాయి. ఓకే.

“ఇది నువ్వు కొట్టావా?”

“నా చేతులు చూడు, ఒళ్ళో ఉన్నాయి.”

“మరెవరు కొట్టారు?”

“అదే కొట్టింది. ఉన్నావా అన్నావు, ఉన్నానంది.”

పెద్దమ్మాయి ఆ నల్ల పెట్టె వైపు చూసింది. మళ్ళీ పిలిచింది. ఓకే. మళ్ళీ పిలిచింది. ఓకే. ఆమె పుస్తకాల్లో, కాగితాల్లో కోట్ల అక్షరాలు చదివి ఉంటుంది. అవన్నీ ఎవరో ఎప్పుడో చెప్పేసిన మాటలు. ఇవి అలాంటివి కావు. తను పిలిచిందని, పిలిచిన మరుక్షణాన పుట్టిన అక్షరాలు. వెనక నుంచి పిలిస్తే పలకని తనకి, ముందు కూర్చుని పిలిస్తే పలికే పెట్టె. ఆమెకు నవ్వొచ్చింది. ఇంకోసారి పిలిచింది.

“చాల్లే అక్కా, దానికి విసుగొస్తుంది” అన్నాడు తమ్ముడు.

ఇక పిచ్చుక నంబరు కొట్టించాలి. కొట్టిస్తే తెర మీద డయల్ టోను లేదని ఇంగ్లీషులో పడింది. తమ్ముడు ఫోను ఎత్తి చూశాడు, అసలు చప్పుడే లేదు. ఆమె పెట్టెని తిప్పి వెనక వైపు చెక్కిన అక్షరాలు చదివింది. అవి ఎంత సన్నగా ఉన్నాయంటే నిఘంటువులో అక్షరాల్లా ఉన్నాయి. “ఒరేయ్, ఇక్కడ రెండు కన్నాలున్నాయి. ఒకటి గోడ నుంచి వచ్చే తీగకి, ఒకటి ఫోనుకి. నువ్వు దానిది దీనికీ, దీనిది దానికీ పెట్టావు.”

తమ్ముడు నాలుక్కరుచుకుని మార్చాడు.

మళ్ళీ కొట్టించాడు. ఈసారి అతను చెవి పెట్టెకి ఆనించి విన్నాడు. పెట్టెలో చిన్న స్పీకరు ఉంది, అందులోంచి ఫోనులో జరిగేదంతా వినిపిస్తుందట. విని తల అడ్డంగా ఊపాడు. “పాట పాడినట్టు నంబరంతా పాడేసింది. కాని డయల్ టోను ఆగట్లేదు. మన ఎక్స్ఛేంజి పాతకాలంది. దానికి పాటలు ఎక్కవు. టక టక అని లెక్కబెట్టి చెప్పాలి.” ఒక అక్షరం మార్చాడు. “చెయ్యి ఇలా పెట్టు, నీకూ తెలుస్తుంది.”

ఆమె అరచెయ్యి పెట్టె మీద ఆనించింది.

చిన్న గిన్నె లోపల ఎవరో గోటితో మీటినట్టు, టక్. టక్ టక్ టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్ టక్. ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. పిచ్చుక ఉత్తరాల పైన కుడివైపు మూలన రాసుండే నంబరు అది. ఎన్నేళ్ళుగానో కంఠతా వచ్చు, ఎన్నడూ పనికి రాలేదు. ఆ నంబరు ఇప్పుడు అంకె తర్వాత అంకెగా ఆమె చేతిలో తడుతోంది. తను నోట్లో అనుకునేలోపే తర్వాతి అంకె వచ్చేస్తోంది. చివరి అంకె అయ్యాక పెట్టె ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంది.

“మోగుతోంది” అన్నాడు తమ్ముడు, కళ్ళు పెద్దవి చేసి. “అక్కడ వాళ్ళింట్లో మోగుతోంది.”

అప్పుడు పెట్టె కింద నుంచి సన్నటి వణుకు మొదలైంది. అది టకటక కాదు. ముందు తీగ మీటి వదిలినట్టు ఒకే పట్టుగా, ఆపైన రెండు మూడు పట్లు కలిసినట్టు, ఆపైన ఇసుక జారినట్టు. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. తమ్ముడు మొహం చిట్లించి ఒక చెవి మూసుకున్నాడు.

“ఎలా ఉందిరా శబ్దం?”

“ఎలా చెప్పను?” అతను తడుముకున్నాడు. “పిల్లి తోక తలుపు సందులో పడితే ఎలా ఉంటుంది? అలా మొదలైంది. తర్వాత, పంపులో నీళ్ళు వచ్చే ముందు గాలి బుస్సుమంటుందే, అలా. రెండు కలిపి, గట్టిగా.”

“బాగుందా?”

“ఛండాలంగా ఉంది.”

ఆమెకి మాత్రం చాలా బాగుంది. ఆమె తలలో మిగిలిన శబ్దాలు రెండే రెండు. ఒకటి సైకిలు గంట. రెండోది అమ్మ తిట్టడం. జ్వరానికి ముందు విన్నవి. వాటి పక్కన మూడోదిగా చేతితో విన్న ఈ వణుకు వచ్చి చేరింది.

తెర మీద కలిసిందన్న మాట పడింది. పడీ పడగానే దీపాలు టపటపా ఆరిపోయాయి, తెగిపోయిందని కింద ఇంకో మాట పడింది. అంతలో వంటింట్లోంచి తల్లి గుండె మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది. వంటింట్లో కూడా ఒక ఫోనుంది, గోడకి తగిలించింది.

“ఒరేయ్, మీ పిన్నికి ఫోను చేద్దామని ఎత్తానా, చెవిలో ఎవరో చిల్లులు పొడిచారురా! ఈల వేస్తున్నాడు, కేకలు పెడుతున్నాడు! ఎవడు వాడు?”

“కంప్యూటరమ్మా.”

“దానికేం పొయ్యేకాలం? మర్యాదగా హలో అనచ్చుగా?”

“అది హలో అంటేనే అలా ఉంటుందమ్మా. నువ్వు మధ్యలో వెళ్ళి దూరావు. ఇక కాసేపు ఫోను ముట్టుకోకు.”

ఆ మాట తల్లికి ఎంత కష్టమైందో చెప్పనక్కర్లేదు. కూర్చోబెట్టి చేతికి పప్పు చేట ఇచ్చారు. మళ్ళీ నంబరు కొట్టించారు. టకటకలు, ఊపిరి బిగబట్టడం, వణుకు, దీపాలు. కలిసింది. పెద్దమ్మాయి గబగబా కీబోర్డు మీద వేళ్ళు పెట్టేలోపు తెగింది.

మళ్ళీ కొట్టించారు. ఈసారి తెర మీద అవతలి నుంచి ఒక్క అక్షరం పడింది. న. ఇంగ్లీషు అక్షరమే గాని తెలుగులో న. దాని వెనక ఇంకేదో పిచ్చి అక్షరాలు చెత్తబుట్ట బోర్లించినట్టు వరసగా పడ్డాయి. దీపాలు ఆరిపోయాయి.

తమ్ముడు మామూలుగా ఫోను చేసి పిచ్చుక భర్తతో మాట్లాడాడు. “బావగారూ, కలుస్తోందండి, నిలవట్లేదు... అవునండి... అవునా? సరేనండి.” పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. అతని మొహం వాడిపోయింది. “వాళ్ళ వైపంతా బాగానే ఉందట. మన లైనులోనే గరగర ఉందంటున్నారు. మనిషి మాటైతే ఆ గరగరలోంచి ఏరుకోవచ్చు, ఈ మోడెమ్ ఏరుకోలేదు. ఫోను వాళ్ళకి చెప్పాలక్కా. వాళ్ళెప్పుడొస్తారో.”

“ఇంకొక్కసారి.”

“ఎన్నిసార్లు చేసినా అంతేగా.”

“ఒక్కసారిరా. నేను ఏమీ కొట్టను. ఊరికే చూస్తా.”

ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుంది. చెప్పులు వదిలేసి పాదాలు నేలకు ఆనించింది. ప్రెస్సులో ఏదైనా మిషను సరిగా ఆడనప్పుడు అలాగే చేసేది, తనకి తెలియకుండానే. నంబరు వెళ్ళింది. వణుకు వచ్చింది, దీపాలు వెలిగాయి. కలిసింది. ఈసారి కాస్త ఎక్కువసేపే నిలిచింది. తమ్ముడు వేళ్ళు ముడేసుకుని చూస్తున్నాడు. అప్పుడు ఆమె మడమల కింద నేల, ఆవు ఒళ్ళు దులుపుకున్నట్టు, సన్నగా జలదరించింది. ఆ వెంటనే దీపాలు ఆరిపోయాయి.

“ఫ్రిజ్” అంది పెద్దమ్మాయి.

“ఆఁ?”

“మన ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా నేల కదులుతుంది. ఇప్పుడు కదిలింది, ఇది తెగింది. ఇందాక కూడా కదిలిందేమో, నేను తెర చూస్తూ పట్టించుకోలేదు.”

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. ఫోను తీగ వీధి వైపు నుంచి వచ్చి, వంటింటి గోడ వెంబడి పోయి, ముందుగదిలోకి వస్తుంది. మధ్యలో ఫ్రిజ్ వెనక నుంచి. ఇద్దరూ ఒకేసారి లేచారు.

ఫ్రిజ్ జరపడం అంటే ఆ ఇంట్లో పెద్ద పనే. తమ్ముడు వెనక సందులోకి తల దూర్చాడు. దూర్చినవాడు ఎంతకీ బయటికి రాడు. వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నాడు. చేతిలో తీగ పట్టుకుని చూపించాడు. నడిమధ్యలో తెగిన తీగకి ఆస్పత్రిలో గాయాలకు వేసే ప్లాస్టరు చుట్టి ఉంది, ముద్దగా, ప్రేమగా, వేలికి కట్టు కట్టినట్టు.

“ఎవరమ్మా ఈ వైద్యం చేసింది?”

“నేనే” అంది వెనకే వచ్చిన తల్లి, చేట పక్కన పెట్టి. “ఆమధ్య ఫ్రిజ్ జరిపినప్పుడు తెగింది. నువ్వు డ్యూటీకి పోయావు. పిన్నితో మాట మధ్యలో ఉంది. నువ్వు తెచ్చిన ప్లాస్టరుందని గుర్తొచ్చి అతికించేశా. ఏం, ఇన్నాళ్ళూ పనిచెయ్యలేదా?”

“పనిచేసింది. గరగరమంటోందిగా?”

“ఆ గరగర మీ పిన్ని గొంతుదే అనుకున్నాను” అంది తల్లి. “పాపం, కషాయం కూడా తాగమన్నానురా దాన్ని.”

ఆమె పెదవులు చదవడానికి పెద్దమ్మాయి రెండోసారి చూడాల్సి వచ్చింది, మొదటిసారి నమ్మశక్యం కాక. తర్వాత నవ్వు మొదలై ముగ్గురూ ఫ్రిజ్‌కి ఆనుకుని కిందికి జారిపోయారు.

తమ్ముడు ప్లాస్టరు ఒలిచి, తీగ కొనలు పళ్ళతో చెక్కి, రాగి మెరిసేదాకా గీకి, గట్టిగా మెలిపెట్టి నల్లటేపు చుట్టాడు. ఫ్రిజ్ ఆనకుండా మేకు కొట్టి తీగని పైకి కట్టాడు. ఎప్పట్లా ఫ్రిజ్‌ని గోడకి జరిపారు. రిసీవరు ఎత్తి విని, చాలాసేపు విని, “అమ్మా, మన ఫోను ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు” అన్నాడు.

మళ్ళీ ముందుగదిలో కూర్చున్నారు. నంబరు ఆమె చేతిలోంచి అంకె అంకెగా వెళ్ళింది. వణుకొచ్చింది. ఇసుక జారింది. దీపాలు వరసగా వెలిగి, కలిసిందన్న మాట పడి, తర్వాత ఏమీ పడలేదు. ఖాళీ. ఆ ఖాళీలో చిన్న గీత ఒకటి మిణుకు మిణుకుమంటోంది.

అప్పుడు అక్షరాలు పడ్డాయి. ఒకటి. ఇంకొకటి. ఎవరో అవతల ఒంటివేలితో వెతుక్కుంటూ కొడుతున్నట్టు.

నువ్వేనా

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక అక్షరం ఎక్కువైంది, ఒకటి తక్కువైంది. పెద్దమ్మాయి ప్రూఫులు దిద్దే చెయ్యి అలవాటుగా కదిలి, ఆగిపోయింది. ఆమె కొట్టింది. కొట్టిన మాట తెర మీద కనబడలేదు.

“పోలేదురా!”

“పోయింది, పోయింది” అన్నాడు తమ్ముడు. “నువ్వు కొట్టింది నీకు కనబడదు, ఆవిడకి మాత్రమే కనబడుతుంది. ఎక్కడో సెట్టింగు మార్చాలి. ఉండు, చూస్తా.”

“వద్దు, వదిలెయ్” అంది ఆమె. “నేను మాట్లాడేది నాకెప్పుడు వినబడింది గనక. అలవాటే.”

తమ్ముడు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

ఆమె మళ్ళీ కొట్టింది, చీకట్లో మెట్లు దిగినట్టు తడుముకుంటూ. నేనే. నేనేనే పిచ్చుకా. అది వెళ్ళిందో లేదో, ఎంత వెళ్ళిందో తెలియదు. గీత మిణుకుతోంది. ఆ తర్వాత అవతలి నుంచి హ హ హ హ అని తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకుతూ వచ్చింది. పిచ్చుక నవ్వుతోంది. ఇప్పుడే నవ్వుతోంది. ఏడాది కిందటి నవ్వు కాదు, వారం నాటి నవ్వు కాదు, ఆమె వేళ్ళ కింద వెచ్చగా ఉన్న నవ్వు.

పిచ్చుక గబగబా ఏదో కొట్టింది. నాకు నిన్న ఒంట్లో బాగో, అని అక్కడ ఆగింది. గీత కాసేపు నిలబడింది. తర్వాత ఆ అక్షరాలు ఒక్కొక్కటే వెనక నుంచి మాయమవుతూ పోయాయి. వాటి చోట, ఏం తిన్నావు, అని పడింది.

ఉత్తరంలో కొట్టివేత కనబడుతుంది గాని కొట్టివేస్తున్న మనిషి కనబడదు. ఇక్కడ పిచ్చుక ఒక మాట చెప్పబోవడం, వద్దనుకోవడం, దాన్ని మింగేసి ఇంకోటి అనడం, అన్నీ కనబడ్డాయి. హాస్టల్లో దీపం కింద ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆమె చేతులు గాల్లోకి లేచి, సగంలో ఆగి, ఒళ్ళోకి దిగిపోయేవే, అచ్చం అలాగే. ఇంత దూరాన, గోడలు, వీధులు, ఎక్స్ఛేంజీలు, ఊళ్ళు దాటి, ఆ చేతులు ఆగడం పెద్దమ్మాయి చూసింది.

నిన్న ఒంట్లో ఏమైంది, అని కొట్టింది. దాచకు. చూశాను.

తర్వాత, అమ్మో, అని పడింది. ఆ వెనకే జలుబు సంగతి, జ్వరం సంగతి, మొగుడు కాచిన చారు సంగతి, ఆ చారుకన్నా జ్వరమే నయమన్న సంగతి, అన్నీ గలగలా పడ్డాయి.

అలా ఎంతసేపు కొట్టుకున్నారో. మధ్యలో ఒకసారి నేల జలదరించింది. తమ్ముడూ, పెద్దమ్మాయీ ఇద్దరూ దీపాల వైపు చూశారు. అవి కన్ను కూడా ఆర్పలేదు.

అప్పుడు పిచ్చుక ఒక మాట చెప్పింది. ఇందాక నువ్వు ఫోను చేసినప్పుడు మా తెర మీద రింగ్ అని పడింది, అంది. మా ఆయన గంట మోగుతోందన్నాడు. నా కోసం మోగడం నేను చూశాను. నువ్వు పెట్టెయ్. ఇప్పుడు నేను చేస్తాను. నువ్వు కూడా చూడు.

తమ్ముడు లైను కట్ చేశాడు. పెట్టె దీపాలు ఆరాయి. ముగ్గురూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. పెద్దమ్మాయి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది.

తెర మధ్యలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. రింగ్.

అదే సమయంలో కంటి చివర ఏదో కదిలింది. తల్లి. ఎన్నో ఏళ్ళ అలవాటు, గంట చెవిన పడితే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. చేట కింద పెట్టి ఫోను వైపు నడుస్తోంది. తమ్ముడు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతను అక్క వైపు తిరిగే ఉన్నాడు గనుక పెదవులు స్పష్టంగా కనిపించాయి.

“ఆగమ్మా. ఫోను అక్కకి.”

తల్లి నిలబడిపోయింది. అతని వైపు చూసి, తెర వైపు చూసి, కూతురి వైపు చూసింది. మెల్లగా వచ్చి కుర్చీ వెనక నిలబడింది, పెద్దింటి చుట్టాలొస్తే దారి ఇచ్చినట్టు. ఆమె చేతులు రెండూ పెద్దమ్మాయి భుజాల మీద వాలాయి.

రింగ్, అని రెండోసారి పడింది.

“ఎత్తు” అన్నాడు తమ్ముడు. “ఏ, టీ, ఏ.”

ఆమె వెంటనే ఎత్తలేదు. ఇంకొక్కసారి మోగనిద్దామనుకుంది. ఫోను గంట ఎలా ఉంటుందో ఆమె మరచిపోయి చాలాకాలమైంది. ఇదిగో ఇలా ఉంటుంది. నల్లటి తెర మీద తెల్లగా, తనను పిలుస్తూ, తను ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ వస్తూ. ఊళ్ళో అందరూ రోజూ పరధ్యానంగా ఎత్తి పారేసే ఈ వింత ఇన్నాళ్ళూ ఈ గదిలోనే జరుగుతూ ఉందా?

రింగ్.

ఎత్తింది. అరచేతి కింద పెట్టె గొంతు సవరించుకుంది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో దీపం వెయ్యడం ఎవరికీ గుర్తురాలేదు. తమ్ముడు చాప మీద వాలి నిద్రపోయాడు. తల్లి కాసేపు కూతురి భుజం మీంచి అక్షరాలు కూడబలుక్కుని, “ఇన్ని సంగతులున్నాయటే దానికి? నాకెప్పుడూ బాగున్నారనే చెప్పాడే ఆ అబ్బాయి!” అని ఆశ్చర్యపోయి, తన కబురు కూడా ఒకటి కొట్టమని, అది రెండై, మూడయ్యాక, చివరికి వంటింట్లోకి వెళ్ళింది.

పిచ్చుక తన మొగుడి ఇన్‌స్టిట్యూట్‌కి కొత్తగా వచ్చిన ఒక మేడమ్ గురించి చెబుతోంది. ఆవిడ టోపీ పెట్టుకుని టైపు కొడుతుందట. ఎందుకో తెలుసా, అని కొట్టి, అంతలోనే, ఉండు ఉండు, పాలు పొంగుతున్నాయి, అంది.

అక్షరాలు ఆగిపోయాయి.

పెద్దమ్మాయి ఆగింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అవతల ఖాళీ కుర్చీ ఉంటుంది, తలుపు దాటి వంటిల్లు ఉంటుంది, గుడ్డతో గిన్నె పట్టుకుని పిచ్చుక ఉంటుంది. వాళ్ళ గదికీ ఈ గదికీ మధ్య తీగ తెరిచే ఉంది. మనుషులు ఇలా ఫోను చెవికి పెట్టుకుని, అవతలి వాళ్ళు పక్కకి వెళ్ళినప్పుడు, గోడ కేసి చూస్తూ నిలబడి ఉండటం ఆమె ఎన్నిసార్లు చూసిందో. ఏమీ వినిపించని ఆ కాస్తసేపూ వాళ్ళు ఏం చేస్తారో ఆమెకి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఆమె మోచెయ్యి బల్లకు ఆనించి, గడ్డం అరచేతిలో పెట్టుకుని, మిణుకుతున్న గీతను చూస్తూ కూర్చుంది. ఏ తొందరా లేదు.

వచ్చా, అని పడింది. సగం పొయ్యి తాగేసింది. ఇంతకీ ఎక్కడున్నాం?

టోపీ, అని కొట్టింది పెద్దమ్మాయి.